విగ్రహం - విగ్రహవాక్యం: అమెరికాలో కొలంబస్ స్మారకాలు, ఇటాలియన్ వలస సమాజపు పరిరక్షణ ప్రయత్నం

వ్యాస సంగ్రహం

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో క్రిస్టఫర్ కొలంబస్ విగ్రహాలను కాపాడుకోవడానికి ఇటాలియన్ వలస సమాజం చేసిన ప్రయత్నాన్ని ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. న్యూయార్క్ స్తంభం (1892), ఫిలడెల్ఫియా విగ్రహం (1876) ప్రధాన ఆధారాలు. ఈ సమాజం కాపాడాలనుకున్నది ఒక నావికుని కీర్తిని కాదనీ, పరాయి దేశంలో తాము పొందిన అంగీకారానికి గుర్తుననీ, అయితే ఆ గుర్తు రాతిపైకి ఎక్కకపోవడమే నేటి వివాదానికి మూలమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: స్మారకం, వలస, శాసనం, కొలంబస్, మూలవాసులు, సామూహిక స్మృతి.

1. ఉపోద్ఘాతం

‘విగ్రహం’ అనే పదానికి మన నిఘంటువులు చెప్పే అర్థాల్లో దేహం, ప్రతిమ, యుద్ధం ఉన్నాయి. నీతికథా సంప్రదాయంలో సంధికి ఎదురు నిలిచేది విగ్రహమే. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో మిత్రలాభ, మిత్రభేదాలను రచించి విడువగా, సంధి విగ్రహాలను కందుకూరి వీరేశలింగం తెలుగులో సమకూర్చారు. వ్యాకరణంలో సమాసాన్ని విడదీసి, అందులోని పదాల నడుమ ఉన్న సంబంధాన్ని తేటపరచే వాక్యం విగ్రహవాక్యం. ఈ అర్థాలన్నీ ఒకే పదంలో ఒదగడం భాషాచరిత్రకు సంబంధించిన సంగతి. అయినా బహిరంగ స్థలాల్లోని ప్రతిమల చరిత్రను చదివేవారికి ఇది ఒక మార్గం చూపుతుంది. ప్రతిమ నిలిచిన చోట కలహం ఎందుకు పుట్టిందో తెలియాలంటే, ఆ ప్రతిమ ఎవరిని ఎవరితో సమసించిందో విడదీసి చూడాలి.

ఇక్కడ పరిశీలించే విషయం తెలుగునాటిది కాదు. అయితే కొలంబస్ మనకు అపరిచితుడు కాడు. అతడు అమెరికాను ‘కనుగొన్నాడు’ అనే వాక్యం తరతరాల పాఠ్యపుస్తకాల ద్వారా మన నోటికి వచ్చింది. అతడు హిందూదేశానికి దారి వెదుకుతూ పొరపడిన ఫలితంగానే ఆ ఖండపు మూలవాసులు మన భాషలో కూడా ‘రెడ్ ఇండియన్లు’ అయ్యారు. ‘కనుగొనడం’ అనే క్రియకు కర్త ఒక్కడే ఉంటాడు. అప్పటికే అక్కడ ఉన్నవారికి ఆ వాక్యంలో చోటు లేదు. ఆ క్రియ మీద తలెత్తిన తగవే ఈ విగ్రహాల తగవు. పైగా ఈ స్మారకాల పీఠాల మీద ఉన్నవి శాసనాలు. దాత ఎవరు, ప్రతిగ్రహీత ఎవరు, ఏది చెప్పారు, ఏది చెప్పలేదు అని శాసనాన్ని చదివే పద్ధతి తెలుగు పరిశోధనకు కొత్త కాదు. ఆ పద్ధతినే ఈ వ్యాసం అనుసరిస్తుంది.

2. ఇటాలియన్లకు ముందటి కొలంబస్

కొలంబస్‌ను అమెరికాకు వీరునిగా పరిచయం చేసినవారు ఇటాలియన్ వలసదారులే అన్న భావన వ్యాప్తిలో ఉంది. కాలక్రమం దానిని సమర్థించదు. బ్రిటన్ నుంచి విడిపోయిన కొత్త గణతంత్రానికి బ్రిటన్‌తో సంబంధం లేని మూలపురుషుడు కావలసి వచ్చాడు. న్యూయార్క్‌లోని కింగ్స్ కాలేజీ 1784లో కొలంబియా అయింది. 1791లో కొత్త రాజధాని ప్రాంతానికి అదే పేరు పెట్టారు. 1792లో బాల్టిమోర్‌లో తొలి కొలంబస్ స్మారకాన్ని నెలకొల్పినవాడు ఒక ఫ్రెంచి కాన్సల్. 1828లో వాషింగ్టన్ ఇర్వింగ్ రచించిన జీవితచరిత్ర కొలంబస్‌ను పాఠకలోకంలో మహాపురుషునిగా స్థిరపరచింది. 1882లో అతని పేరిట ‘నైట్స్ ఆఫ్ కొలంబస్’ అనే కాథలిక్ సంఘాన్ని న్యూ హేవెన్‌లో స్థాపించిన మైకేల్ మెక్‌గివ్నీ ఐరిష్ వలసదారుల కుటుంబంలో పుట్టిన మతగురువు.

కనుక ఇటాలియన్లు పెద్దసంఖ్యలో వచ్చేనాటికే కొలంబస్ అమెరికా ఇంటి మనిషి. వారు చేసినది అతనితో తమకున్న చుట్టరికాన్ని గుర్తుచేయడం. ఈ చుట్టరికం కూడా సూటియైనది కాదు. కొలంబస్ ఉత్తరాన లిగూరియాలోని జెనోవావాడు. అతడు ప్రయాణించినది స్పెయిన్ రాజదంపతుల కొలువులో. ఇటలీ ఒక రాజ్యంగా ఏర్పడింది 1861లో. 1880-1920 నడుమ అమెరికాకు వచ్చిన 40 లక్షలకు పైబడిన ఇటాలియన్లలో అత్యధికులు సిసిలీ, కలాబ్రియా, కంపానియా వంటి దక్షిణ ప్రాంతాల బీద రైతులు, కూలీలు. వారు తమను తాము తమ ఊరి పేరుతో చెప్పుకొనేవారే తప్ప ఇటాలియన్లమని చెప్పుకొన్నది తక్కువ. వారంతా ‘ఇటాలియన్లు’ అయినది చాలావరకు ఓడ దిగిన తరువాతనే. ఉత్తరానికి చెందిన కొలంబస్ దక్షిణాది కూలీలకు పూర్వీకుడు కావడం కూడా అమెరికాలోనే జరిగింది.

3. న్యూ ఆర్లీన్స్, 1891

పరిరక్షణ ఉద్యమం తన వాదానికి ఆధారంగా తరచూ చూపే సంఘటన 1891 నాటి న్యూ ఆర్లీన్స్ హత్యాకాండ. 1890 అక్టోబరులో ఆ నగర పోలీసు అధిపతి డేవిడ్ హెన్నెసీ హత్యకు గురయ్యాడు. అనుమానం ఇటాలియన్ల మీద పడింది. 19 మందిపై అభియోగం మోపి, మొదట తొమ్మిదిమందిని విచారించారు. 1891 మార్చి 13న జ్యూరీ వారిలో ఆరుగురిని నిర్దోషులుగా తేల్చింది. మిగిలిన ముగ్గురి విషయంలో ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. మరునాడు ఉదయం పత్రికల్లో వచ్చిన పిలుపును అనుసరించి వేలాదిమంది కెనాల్ వీధిలో గుమికూడి, జైలు మీదికి వెళ్ళి, లోపల ఉన్న ఇటాలియన్లలో 11 మందిని చంపారు. చనిపోయినవారిలో నిర్దోషులుగా తేలినవారు ఉన్నారు, విచారణకే రానివారూ ఉన్నారు.

ఆ జనం కలుసుకోవలసిన చోటుగా పత్రికలు ప్రకటించినది రాజకీయవేత్త హెన్రీ క్లే విగ్రహపు పాదపీఠం. నగరంలో అందరికీ తెలిసిన, అందరిదీ అనుకొనే స్థలం అది. ఆ ‘అందరి’లో ఇటాలియన్లు లేరని ఆ ఉదయం తేలింది. బహిరంగ ప్రతిమ చుట్టూ ఎవరు పౌరులుగా నిలబడగలరు అన్న ప్రశ్న ఇటాలియన్ వలస చరిత్రలో ఇంత ప్రత్యక్షంగా ఎదురైన సందర్భం మరొకటి కనిపించదు.

ఇటలీ తన రాయబారిని వెనక్కి పిలిచింది. అమెరికా ప్రభుత్వం 1892లో సుమారు 25,000 డాలర్ల పరిహారం చెల్లించింది. అదే సంవత్సరం జులై 21న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్, కొలంబస్ ప్రయాణపు 400వ వార్షికోత్సవాన్ని దేశమంతటా జరుపుకోవాలని ప్రకటించాడు. ఈ ప్రకటనను హత్యాకాండకు పరిహారంగా వ్యాఖ్యానించడం నేడు పరిపాటి. దౌత్య సందర్భాన్ని బట్టి ఆ ఊహకు అవకాశం ఉంది. కాని ప్రకటన పాఠంలో న్యూ ఆర్లీన్స్ ప్రస్తావన లేదు, ఇటాలియన్ల ప్రస్తావనా లేదు. అందులో కొలంబస్ ప్రగతికీ జ్ఞానానికీ మార్గదర్శి. ఆనాడు ప్రత్యేకంగా పండుగ జరుపుకోవలసినవి పాఠశాలలు. చంపబడినవారి స్మృతిని మోస్తున్నదని నేడు చెప్పే పత్రంలో ఆ మృతుల జాడ లేకపోవడం గమనించదగినది. తరువాతి విగ్రహాలన్నిటిలోనూ ఇదే లక్షణం కొనసాగింది.

ఇంకొక జాగ్రత్త అవసరం. కొలంబస్ విగ్రహాలు హత్యాకాండకు ప్రతిస్పందనగా పుట్టాయనే వాదం మొత్తం చరిత్రకు వర్తించదు. ఫిలడెల్ఫియా విగ్రహం 1876 నాటిది, అంటే హత్యాకాండకు 15 ఏళ్ళ ముందటిది. అవమానం విగ్రహాలకు ఏకైక కారణం కాదు. అది వాటికి తరువాత చేరిన, క్రమంగా ప్రధానమైన అర్థం.

4. న్యూయార్క్ స్తంభం: శాసన పాఠం

1892 అక్టోబరులో న్యూయార్క్‌లో, నేడు కొలంబస్ సర్కిల్‌గా పిలిచే కూడలిలో ఎత్తైన స్తంభంపై పాలరాతి కొలంబస్ ప్రతిమను ఆవిష్కరించారు. శిల్పి గయెతానో రుస్సో. దీని వెనుక ఉన్నది ‘ఇల్ ప్రోగ్రెస్సో ఇటాలో-అమెరికానో’ అనే ఇటాలియన్ దినపత్రిక, దాని యజమాని కార్లో బార్సొట్టి. పత్రిక ద్వారా చందాలు సేకరించి, ఇటలీలో చెక్కించి, నగరానికి సమర్పించారు. బార్సొట్టి చొరవతో ఆ నగరంలో మరికొన్ని విగ్రహాలు కూడా వెలిశాయి: 1888లో గరిబాల్డీ, 1906లో సంగీతకర్త వెర్డి, 1909లో నావికుడు వెర్రజానో, 1921లో కవి దాంతే. ఒక వలస సమాజం తన కులదేవతలను వరుసగా ప్రతిష్ఠించుకొన్నట్లుంటుంది ఈ జాబితా. అయితే గరిబాల్డీ, వెర్డి, దాంతేలు ఇటలీ గొప్పతనాన్ని చెప్పగలరే తప్ప, అమెరికా కథలో ఇటాలియన్లకు మొదటి పుటను ఇవ్వలేరు. ఆ పని కొలంబస్ వల్లనే అవుతుంది. అందువల్లనే జాబితాలో ఆయనది ప్రత్యేక స్థానం అయింది. నేటి వివాదం ఆయన మీదనే కేంద్రీకృతం కావడానికీ అదే కారణం.

స్తంభంపై ఇటాలియన్, ఇంగ్లీషు భాషలు రెండింటిలోనూ శాసనం ఉంది. దాత తనను తాను ‘అమెరికాలో నివసించే ఇటాలియన్లు’ అని చెప్పుకొన్నాడు. అమెరికన్లమని చెప్పుకోలేదు, న్యూయార్క్ పౌరులమని కూడా చెప్పుకోలేదు. కేవలం నివాసం మాత్రమే చెప్పుకొన్న వినయం అది. తరువాత కొలంబస్‌ను వర్ణించే విశేషణాలు వరుసగా వస్తాయి. ప్రయాణానికి ముందు హేళనకు గురైనవాడు, ప్రయాణంలో బెదిరింపులు ఎదుర్కొన్నవాడు, ఆ తరువాత సంకెళ్ళు తొడిగించుకొన్నవాడు, ఎంత ఉదారుడో అంత పీడితుడు, లోకానికి ఒక లోకాన్ని ఇచ్చినవాడు అన్నది ఆ వరుస సారాంశం.

ఈ పాఠంలో విజేత కొలంబస్ కంటె బాధితుడు కొలంబస్ ఎక్కువగా కనిపిస్తాడు. హేళన, బెదిరింపు, సంకెల అనే మూడు మాటలూ 1492 నాటి నావికునికి ఎంత వర్తిస్తాయో, 1892 నాటి సిసిలీ కూలీకి అంతకన్న ఎక్కువ వర్తిస్తాయి. ‘ఇంత ఇచ్చిన మావాడిని ఇలా చూశారు’ అన్న మాటలో ‘ఇంత కష్టపడుతున్న మమ్మల్ని ఇలా చూస్తున్నారు’ అన్న ధ్వని స్పష్టంగా ఉంది. మన అలంకారికులు చెప్పిన అన్యాపదేశాన్ని పోలిన రచన ఇది. ఒకరిని పేరుపెట్టి మరొకరి గోడు వినిపించడం దీని పద్ధతి. 11 మంది మృతుల పేర్లు చెక్కడానికి అమెరికాలో ఏ కూడలీ దొరకని కాలంలో వలసదారులు తమ దుఃఖాన్ని కొలంబస్ పేరిట రాతికెక్కించారు.

అయితే శాసనపు చివరి భాగం ఇంకొక విషయాన్ని బయటపెడుతుంది. సముద్రాన్ని జయించి తొలి అమెరికా దీవిని చూసినప్పుడు మ్రోగిన ‘నేల, నేల’ అన్న కేకను అది కీర్తిస్తుంది. దీవి శాసనంలో ఉంది. దీవిలోని మనుషులు లేరు. దాతల బాధను అంత సున్నితంగా చెప్పిన పాఠం, అదే వాక్యపు ఒడ్డున నిలబడ్డవారిని చూడలేదు.

5. ప్రతిమ ఇచ్చిన ఫలం

పరిరక్షకుల పట్టుదలను అర్థం చేసుకోవాలంటే కొలంబస్ వారికి ఏమి చేసిపెట్టాడో చూడాలి. 1907లో కొలరాడో రాష్ట్రం కొలంబస్ దినాన్ని తొలిసారి చట్టబద్ధమైన సెలవుగా గుర్తించింది. ఇటాలియన్ వలసదారుడైన ఏంజెలో నోచే కృషి దీనికి కారణం. 1915 అక్టోబరు 12న, సరిగ్గా కొలంబస్ దినాన, మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ న్యూయార్క్‌లో నైట్స్ ఆఫ్ కొలంబస్ సభలో మాట్లాడుతూ, రెండు పదాల నడుమ అడ్డగీతతో తమను చెప్పుకొనే అమెరికన్లకు ఈ దేశంలో చోటు లేదని ప్రకటించాడు. ‘ఇటాలియన్-అమెరికన్’ అనే సమాసం మీద దాడి అది. దానిని ద్వంద్వంగా చదివితే ఇటాలియనూ అమెరికనూ అవుతుంది. కర్మధారయంగా చదివితే ఇటాలియన్ అయిన అమెరికన్. రూజ్‌వెల్ట్ మొదటిది చెల్లదన్నాడు. రెండవది సాధ్యమేనని చూపడానికి వలసదారులకు దొరికిన ఉదాహరణ, ఆ సభ ఎవరి పేరిట జరిగిందో ఆ కొలంబసే.

1924 వలస చట్టం ఇటలీ నుంచి ఏడాదికి వచ్చేవారి సంఖ్యను 3,845కు కుదించింది. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా పౌరసత్వం లేని సుమారు ఆరు లక్షలమంది ఇటాలియన్లను ‘శత్రుదేశీయులు’గా వర్గీకరించారు. ఆ ముద్రను తొలగిస్తున్నట్లు అటార్నీ జనరల్ ఫ్రాన్సిస్ బిడిల్ ప్రకటించినది 1942 అక్టోబరు 12న, మళ్ళీ కొలంబస్ దినానే. ఆ తేదీ యాదృచ్ఛికం కాదు. రాజ్యం ఒక సమాజాన్ని అక్కున చేర్చుకొనేటప్పుడు వాడిన లాంఛనం కొలంబస్. 1968 చట్టం ద్వారా, 1971 నుంచి అది అక్టోబరు రెండవ సోమవారం నాటి జాతీయ సెలవుగా స్థిరపడింది. మూడు తరాల పాటు ఈ పేరు మీదనే తలుపులు తెరుచుకొన్నవారికి, ఆ పేరును తొలగించడం తలుపు మళ్ళీ మూసినట్లు తోచడంలో వింత లేదు.

6. రాయి మోయని చరిత్ర

అదే పేరు మరొకరికి ఏమి చేసిందో చూడకుండా పై వాదాన్ని తూకం వేయలేము. మొదటి ప్రయాణపు దినచర్య లాస్ కాసాస్ చేసిన సంగ్రహం రూపంలో మనకు దక్కింది. తీరానికి చేరిన తొలి రోజుల్లోనే అక్కడివారు మంచి సేవకులు కాగలరన్న ఆలోచన, కొద్దిమంది సైనికులతో అందరినీ లొంగదీయవచ్చునన్న అంచనా అందులో కనిపిస్తాయి. 1493లో రెండవసారి 17 ఓడలతో వచ్చాడు. 1495లో సుమారు 500 మంది తైనో ప్రజలను బానిసలుగా స్పెయిన్‌కు పంపగా వారిలో సుమారు 200 మంది దారిలోనే మరణించారు. బంగారం దొరికే ప్రాంతంలో 14 ఏళ్ళు పైబడిన ప్రతివారూ మూడునెలలకొకసారి నిర్ణీత పరిమాణంలో బంగారం కప్పం కట్టాలని శాసించాడు.

న్యూయార్క్ శాసనంలోని ‘సంకెల’ను ఈ నేపథ్యంలో మళ్ళీ చదవాలి. 1500లో స్పెయిన్ రాజప్రతినిధి బొబదీయా కొలంబస్‌ను బంధించి పంపినది, గవర్నరుగా అతని పాలనపై వచ్చిన ఫిర్యాదుల వల్ల. ఆ విచారణ పత్రం 2005లో వెలుగుచూసింది. దానిని స్పానిష్ చరిత్రకారిణి కొన్సుయేలో వరేలా 2006లో ప్రచురించారు. క్రూరశిక్షల గురించిన సాక్ష్యాలు అందులో ఉన్నాయి. వలసదారులు పీడితుని చిహ్నంగా ఎంచుకొన్న సంకెలకే, మరొక పాఠంలో పీడకుని నేరానికి ఫలమన్న అర్థం ఉంది.

మూలవాసుల అభ్యంతరం 2020లో హఠాత్తుగా పుట్టినది కాదు. 1977లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలోనే కొలంబస్ దినానికి బదులు మూలవాసుల దినం జరపాలన్న ప్రతిపాదన వచ్చింది. 1992లో, 500వ వార్షికోత్సవ సందర్భంలో, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరం ఆ దినాన్ని స్వీకరించింది. 2021లో అధ్యక్షుడు జో బైడెన్ మూలవాసుల దినానికీ కొలంబస్ దినానికీ వేర్వేరు ప్రకటనలు వెలువరించాడు. ఒకే తేదీకి రెండు శాసనాలు ఏర్పడ్డాయి.

7. ఫిలడెల్ఫియా: పరిరక్షణ, న్యాయస్థానం

పరిరక్షణ ప్రయత్నపు స్వరూపం అత్యంత స్పష్టంగా కనిపించేది ఫిలడెల్ఫియాలో. అమెరికా స్వాతంత్ర్య శతాబ్ది సందర్భంగా 1876 అక్టోబరు 12న ఫెయిర్‌మౌంట్ పార్కులో అక్కడి ఇటాలియన్ సంఘాలు ఈ విగ్రహాన్ని నగరానికి సమర్పించాయి. ఆనాటి ఫిలడెల్ఫియా ఇటాలియన్లు కొద్దిమందే. వారిలో కొలంబస్ సొంత ప్రాంతమైన లిగూరియావారు గణనీయంగా ఉన్నారు. సరిగ్గా నూరేళ్ళకు, 1976లో, విగ్రహాన్ని దక్షిణ ఫిలడెల్ఫియాలోని మార్కోనీ ప్లాజాకు తరలించారు. అప్పటికి ఆ ప్రాంతం దక్షిణ ఇటలీ వలసదారుల వారసులకు స్థిరనివాసం. ఉత్సవ మైదానంలో జాతీయ చరిత్రకు అలంకారంగా నిలిచిన ప్రతిమ, పేటలోకి వచ్చి పేటవారి ఇలవేల్పు అయింది. విగ్రహం మారలేదు, దానిని చదివే సమాజం మారింది. 2017లో నగరం దానిని చారిత్రక వస్తువుల జాబితాలో చేర్చింది.

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసుల చేతిలో మరణించిన తరువాత దేశవ్యాప్త నిరసనల్లో విగ్రహాల ప్రశ్న ముందుకు వచ్చింది. ఫిలడెల్ఫియాలో మొదట తొలగినది కొలంబస్ కాదు. జూన్ 3న నగరం, పోలీసు కమిషనరుగానూ మేయరుగానూ పనిచేసిన ఫ్రాంక్ రిజ్జో విగ్రహాన్ని తొలగించింది. దక్షిణ ఫిలడెల్ఫియా ఇటాలియన్లలో చాలామందికి రిజ్జో తమవాడు. నల్లజాతి పౌరుల్లో చాలామందికి అతడు పోలీసు దౌర్జన్యానికి ప్రతీక. పది రోజులు గడిచేసరికి మార్కోనీ ప్లాజాలో కొలంబస్ చుట్టూ జనం కావలి కాశారు. వారిలో కొందరి చేతుల్లో తుపాకులు, బేస్‌బాల్ బ్యాట్లు ఉన్నాయి.

ఈ దృశ్యాన్ని 1891తో పోల్చడం తప్పదు. ఆనాడు విగ్రహం దగ్గర చేరిన జనానికి లక్ష్యమైనవారి తరువాతి తరాలు, ఈనాడు విగ్రహం దగ్గర ఆయుధాలతో నిలిచాయి. ఆనాటి గుంపు హత్య చేయడానికి వెళ్ళింది, ఈనాటి గుంపు రాతిని కాయడానికి వచ్చింది. ఈ భేదం చిన్నది కాదు. అయినా బహిరంగ స్థలం ఎవరిదన్న ప్రశ్నను ఆయుధం ఎదుట పెట్టడం ఆ సమాజపు సొంత చరిత్రకే విరుద్ధం. పరిరక్షకుల్లో చాలామంది ఆ దారి పట్టలేదు. వారు ఎంచుకొన్నది న్యాయస్థానం.

జూన్ నెల మధ్యలో నగరం విగ్రహం చుట్టూ చెక్కపెట్టె బిగించింది. జులైలో చారిత్రక సంఘం, ఆగస్టులో కళాసంఘం తొలగింపును ఆమోదించాయి. ‘ఫ్రెండ్స్ ఆఫ్ మార్కోనీ ప్లాజా’ అనే స్థానిక సంఘం, మరికొందరు దావా వేశారు. 2021 ఆగస్టులో కామన్ ప్లీజ్ న్యాయస్థానం తొలగింపు నిర్ణయాన్ని కొట్టివేసింది. ప్రజాభిప్రాయానికి తగిన అవకాశం ఇవ్వలేదనీ, నిర్ణయానికి సరియైన ఆధారం లేదనీ ఆ తీర్పు సారాంశం. 2022 అక్టోబరులో స్థానిక కౌన్సిల్ సభ్యుని కోరికపై నగరం ఆ చెక్కపెట్టెకు ఇటలీ జెండాలోని ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు రంగులు వేయించింది. కొద్దిరోజులపాటు ఆ పార్కులో కొలంబస్ లేకుండానే ఇటాలియన్ చిహ్నం నిలిచింది. ఆ ఏడాది డిసెంబరులో కామన్‌వెల్త్ న్యాయస్థానం ఆదేశించగా పెట్టె తొలగిపోయి విగ్రహం మళ్ళీ బయటపడింది.

ఈ విజయపు స్వభావాన్ని పరిశీలించాలి. న్యాయస్థానంలో గెలిచినది ప్రక్రియకు సంబంధించిన వాదం. విచారణ సక్రమంగా జరిగిందా, చారిత్రక జాబితాలోని వస్తువును తొలగించే పద్ధతి పాటించారా అన్నవే అక్కడి ప్రశ్నలు. కొలంబస్ గౌరవార్హుడా అన్న ప్రశ్నకు తీర్పు సమాధానం చెప్పలేదు. విగ్రహం ఇచ్చే సందేశం నగరానికి నచ్చకపోతే తన సందేశంతో ఒక ఫలకాన్ని పక్కన పెట్టుకోవచ్చునని మాత్రం డిసెంబరు ఉత్తర్వు సూచించింది. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, న్యాయస్థానం విగ్రహాన్ని నిలిపి విగ్రహవాక్యాన్ని నగరానికి వదిలింది.

8. ఇతర మార్గాలు

ఇటాలియన్ అమెరికన్ సమాజం మొత్తం ఒకే మాట మీద ఉన్నదనుకోవడం పొరపాటు. కొలంబస్‌ను విడిచి తమ వలస చరిత్రనే నేరుగా చెప్పాలన్నవారు ఆ సమాజంలోనే ఉన్నారు. న్యూ హేవెన్‌లోని వూస్టర్ స్క్వేర్ ఇటాలియన్ల పేట. అక్కడ 1892 నుంచి ఉన్న కొలంబస్ విగ్రహాన్ని 2020 జూన్‌లో తొలగించారు. తరువాత ఆ స్థానంలో ఒక వలస కుటుంబాన్ని చూపే శిల్పాన్ని నిలిపారు. అక్కడ సమాజం తనను తాను మరొకరి పేరిట చెప్పుకోవడం మానింది.

తొలి కొలంబస్ సెలవుకు పుట్టినిల్లయిన కొలరాడో 2020లో దానిని రద్దుచేసి, అక్టోబరు మొదటి సోమవారాన్ని ఫ్రాన్సెస్ జేవియర్ కబ్రీనీ దినంగా ప్రకటించింది. కబ్రీనీ 1889లో న్యూయార్క్ చేరిన ఇటాలియన్ సన్యాసిని. హత్యాకాండ జరిగిన మరుసటి ఏడాది, 1892లో, న్యూ ఆర్లీన్స్‌లో ఇటాలియన్ అనాథల కోసం ఆశ్రమం స్థాపించినది ఆమెయే. ప్రభుత్వ ప్రకటన ఆ ఏడాది కొలంబస్‌ను తలచుకొంటుండగా, మృతుల సమాజపు పిల్లలను తలచుకొన్న వ్యక్తి ఆమె.

న్యూయార్క్ మూడవ మార్గం ఎంచుకొంది. నగర సలహాసంఘం 2018 జనవరిలో స్తంభాన్ని ఉంచాలనీ, చరిత్రను వివరించే ఫలకాలను చేర్చాలనీ, మూలవాసులకు వేరే స్మారకం నిర్మించాలనీ సూచించింది. అదే ఏడాది రాష్ట్ర చారిత్రక పరిరక్షణ మండలి స్తంభాన్ని చారిత్రక స్థలాల జాబితాకు సిఫారసు చేసింది. తొలగింపు, మార్పు, చేర్పు అనే ఈ మూడు మార్గాల్లో ప్రతి ఒక్కదానికీ ఏదో ఒక నష్టం ఉంది. తొలగిస్తే 1892 నాటి శాసనంలోని వలసదారుల గోడు కూడా కనుమరుగవుతుంది. యథాతథంగా ఉంచితే తైనో ప్రజలు లేని దీవియే చరిత్రగా నిలుస్తుంది. ఫలకం చేరిస్తే పీఠం మీది నావికుని ఎత్తు ఏమాత్రం తగ్గదు, ఫలకాన్ని వంగి చదివేవారూ కొద్దిమందే.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. మొదటిది, కొలంబస్ ఇటాలియన్ వలసదారులకు అరువు వీరుడు. అమెరికా అప్పటికే గౌరవిస్తున్న పేరును తమదిగా చూపి వారు ఆ దేశపు కథలో ప్రవేశించారు. రెండవది, వారి విగ్రహాలు చెప్పదలచినది తమ అవమానాన్ని, శ్రమను, రాకను. రాతిపై చెప్పినది మాత్రం ‘కనుగొనడాన్ని’. తాత్పర్యం వలసదారులదైనా వాచ్యార్థం విజేతది. తరాలు గడిచేకొద్దీ తాత్పర్యం తెలిసినవారు ఆ పేటకే పరిమితమయ్యారు, వాచ్యార్థం మాత్రం దారిన పోయే ప్రతివారికీ కనిపిస్తూ వచ్చింది. మూడవది, న్యాయస్థానం కాపాడగలిగినది రాతిని, ప్రక్రియను. తాత్పర్యాన్ని కాపాడుకోవడం ఆ సమాజపు పనిగానే మిగిలింది.

పరిరక్షకులు అంటున్నట్లు వారి స్మృతి నిజమైనదే, దానికి స్థానం కావలసిందే. కాని ఆ స్మృతికి కొలంబస్ సరియైన ఆధారం కాడని చరిత్ర చెబుతున్నది. కారణం కొలంబస్ నేరాలు మాత్రమే కాదు. అతని నీడలో వారి సొంత మృతులు కూడా కనిపించకుండా పోయారు. హత్యాకాండ జరిగిన 128 ఏళ్ళకు, 2019 ఏప్రిల్ 12న, న్యూ ఆర్లీన్స్ మేయరు లటోయా కాంట్రెల్ ఇటాలియన్ అమెరికన్ సమాజానికి అధికారికంగా క్షమాపణ చెప్పారు. ఆ క్షమాపణకు ఏ నావికుని ప్రతిమా అవసరం కాలేదు. 1892లో నేరుగా చెప్పలేక అన్యాపదేశంగా చెప్పిన మాటను ఆనాడు నేరుగా చెప్పగలిగారు, వినేవారూ విన్నారు.

ఒక వలస సమాజం తన వీరుణ్ణి ఎంచుకొనేటప్పుడు ఆతిథ్య దేశం మెచ్చేవాణ్ణి ఎంచుకోవడం సహజం. అలా ఎంచుకొన్న వీరునితోపాటు ఆ దేశపు గతంలోని బాకీలు కూడా సంక్రమిస్తాయి. న్యూయార్క్ శాసనంలోని హేళన, బెదిరింపు, సంకెల అనే మూడు మాటలకు అసలైన విశేష్యాలు ఇంకా చెక్కవలసి ఉన్నాయి. న్యూ ఆర్లీన్స్ జైలులోని 11 మంది ఒక విశేష్యమైతే, 1495 నాటి ఓడల్లోని తైనో బందీలు మరొకటి.